కానుక వేరు, బాకీ వేరు

గ్రామ సంఘములకు ఈ నెల బైబిలు పాఠము

చదువవలసిన భాగములు: నిర్గమకాండము 21:33-34, 22:5-6, యెహెజ్కేలు 34:17-22, మత్తయి 5:23-24, లూకా 19:1-10.
కంఠస్థము చేయవలసిన వచనము: మత్తయి 23:23.



ఈ నెల పాఠమునకు మేము ఎన్నుకొనిన విషయము మొదట కొందరికి వింతగా తోచవచ్చును. చమురు కంపెనీలకును బైబిలునకును ఏమి సంబంధమని అడుగువారు ఉందురు. హనుమకొండ చుట్టుపట్ల పల్లెలలో చమురు బావులు లేవు. మన పొలములలో వరియు, ప్రత్తియు, మొక్కజొన్నయు పండునుగాని నూనె పొంగదు. అయినను మన యింట గ్యాసు పొయ్యి వెలుగుచున్నది. మన ట్రాక్టరు డీజిలుతో నడచుచున్నది. ఆదివారమున రెండు మూడు ఊళ్లలో ఆరాధన జరిపించు కాపరిగారు మోటారు సైకిలుమీదనే వెళ్లుచున్నారు. ఆ గ్యాసు, ఆ నూనె ఎవరి భూమి క్రిందనుండి వచ్చినవి? వాటిని త్రవ్వి తీసినవారు ఆ భూమిమీద బ్రదుకువారికి ఏమి చేసిరి? మన పొయ్యిలో మండునదే వేరొకని యింటిమీద మండినయెడల దేవుడు ఆ సంగతి మనలను అడుగకుండునా?

మరియొక కారణముకూడ కలదు. ఈ దినములలో పెద్ద కంపెనీలు గ్రామములకు మంచినీటి ప్లాంటులు, బడి గదులు, వైద్య వాహనములు ఇచ్చుచున్నవి. ఇవి "సి.ఎస్.ఆర్. నిధులు" అను పేరుతో వచ్చుచున్నవి. కంపెనీల సామాజిక బాధ్యత అని దాని అర్థము. మన పల్లెలలోకూడ ఈ మాట తెలిసినది. ఇట్టి కానుకను క్రైస్తవుడు ఏ కన్నుతో చూడవలెను? పుచ్చుకొని దండము పెట్టి ఊరకుండవలెనా? వద్దని త్రోసివేయవలెనా? ఈ ప్రశ్నకు వాక్యములో స్పష్టమైన దారి యున్నది. దానిని ఒక్క మాటలో చెప్పుదుము: కానుక వేరు, బాకీ వేరు. కానుక ఇచ్చుటవలన బాకీ తీరదు.

1. అగ్ని రగిలించినవాని బాధ్యత

నిర్గమకాండము 22వ అధ్యాయములో ఒక చిన్న నియమమున్నది. ఒకడు నిప్పు రగిలించెను. అది ముళ్లకంపలకు అంటుకొని, ప్రక్కవాని పంట కుప్పను కాల్చివేసెను. అప్పుడు ఎవరు నష్టము పెట్టుకొనవలెను? నిప్పు రగిలించినవాడే. "గాలి వీచినది, నేనేమి చేయుదును" అను మాట అక్కడ చెల్లదు. 21వ అధ్యాయములో గొయ్యి త్రవ్వి మూయనివాని సంగతి యున్నది. అందులో పొరుగువాని యెద్దు పడి చచ్చినయెడల గొయ్యి త్రవ్వినవాడే వెల చెల్లింపవలెను. ద్వితీయోపదేశకాండము 22:8లో దేవుడు ఇంకొక మెట్టు ముందుకు పోవుచున్నాడు. క్రొత్త ఇల్లు కట్టువాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెను. ఎవరును పడకముందే కట్టవలెను. ప్రమాదము జరిగినతరువాత డబ్బు ఇచ్చుట ఒక ధర్మము. అది జరుగకుండ ముందే జాగ్రత్తపడుట అంతకంటె పెద్ద ధర్మము.

ఇప్పుడు గోదావరి తీరమునకు వెళ్లుదము. కోనసీమ అనగా కొబ్బరి తోటలు, వరి చేలు, కాలువలు గల పచ్చని నేల. దాని క్రిందను, దాని యెదుటి సముద్రములోను చమురు, సహజ వాయువు ఉన్నవి. అక్కడ ప్రభుత్వ కంపెనీయైన ఓ.ఎన్.జి.సి. ఎన్నో యేండ్లుగా బావులు త్రవ్వుచున్నది. విదేశీ కంపెనీలుకూడ వచ్చినవి. సూరసాని యానాము దగ్గరి రవ్వ చమురు క్షేత్రమును బ్రిటిషు కంపెనీయైన కెయిర్న్ చాలకాలము నడిపెను. 2009లో గాడిమొగ తీరమునకు రిలయన్సువారు లోతు సముద్రపు గ్యాసును తెచ్చిరి. అందులో 2011లో బ్రిటిషు కంపెనీయైన బి.పి. 30 శాతము వాటా కొనెను. కెనడా దేశపు నైకో కంపెనీకి అప్పుడు అందులో 10 శాతము ఉండెను. ఆ తీరమున బయలుదేరిన పైపులైను మన తెలంగాణమును దాటుకొని గుజరాతువరకు పోవుచున్నది.

1995 జనవరి 8న పాశర్లపూడి బావిలోనుండి గ్యాసు ఒక్కసారిగా పైకెగసి అంటుకొనెను. ఆ మంట 65 దినములు ఆరలేదు. అమెరికా దేశమునుండి నిపుణులను రప్పింపవలసి వచ్చెను. చుట్టుప్రక్కల ఊళ్లవారు ఇండ్లు విడిచి వెళ్లిరి. రాత్రులు పగళ్లవలె ఉండెనని ఆనాటివారు ఇప్పటికిని చెప్పుకొందురు.

తరువాత 2014 జూన్ 27 వచ్చెను. నగరము అను గ్రామములో తెల్లవారుచుండగా గెయిల్ అను ప్రభుత్వ కంపెనీవారి గ్యాసు పైపులైను పగిలెను. గ్యాసు ఊరంతట క్రమ్ముకొని, ఎక్కడనో ఒక నిప్పుతో అంటుకొనెను. నిద్రలోనున్నవారు, పొయ్యి వెలిగించువారు, పసిపిల్లలు కాలిపోయిరి. ఇరువదిమందికి పైగా చనిపోయిరి. కొబ్బరి చెట్లు నిలువునా మాడిపోయినవి. విచారణలో ఒక సంగతి బయలుపడెను. ఆ గొట్టము తేమలేని పొడి గ్యాసుకొరకు వేసినది. కాని అందులో నీరు కలిసిన తడి గ్యాసు నడచుచుండెను. దానివలన గొట్టము లోపల తుప్పు తినివేసెను. అంతకుముందే గ్యాసు కారుచున్నదని ఊరివారు మొరపెట్టుకొనిరని పత్రికలు వ్రాసినవి.

ఇది గొయ్యి మూయనివాని కథ. పిట్టగోడ కట్టనివాని కథ. ఇందులో కంపెనీ విదేశీయా స్వదేశీయా అను భేదము లేదు. ప్రభుత్వ కంపెనీయైనను దేవుని ధర్మశాస్త్రము ఒక్కటే. చనిపోయినవారి కుటుంబములకు పరిహారము ఇచ్చిరి. అది ఇయ్యవలసినదే. అయితే ఆ పరిహారమును "దానము" అని ఎవరైన అన్నయెడల ఆ మాట తప్పు. అది బాకీ.

2. నీటిని బురద చేయు గొఱ్ఱెలు

యెహెజ్కేలు 34వ అధ్యాయములో దేవుడు బలిసిన గొఱ్ఱెలతో మాటలాడుచున్నాడు. మీరు మంచి మేత మేసినది చాలక, మిగిలినదానిని కాళ్లతో త్రొక్కుదురా అని అడుగుచున్నాడు. తేట నీరు త్రాగినది చాలక, మిగిలినదానిని బురద చేయుదురా అని అడుగుచున్నాడు. ఈ భాగములో బలిసిన గొఱ్ఱె మేసినందుకు నేరము మోపబడలేదు. తాను మేసినతరువాత బక్క గొఱ్ఱెకు మిగిలినదానిని పాడుచేసినందుకే నేరము మోపబడినది.

ఈ వాక్యము కన్నులకు కట్టినట్లు కనబడు దేశము ఆఫ్రికా ఖండములోని నైజీరియా. అక్కడ నైజర్ నది సముద్రములో కలియుచోట మన కోనసీమవంటి పాయలు, కాలువలు, చేపల చెరువులు ఉన్నవి. అక్కడివారిలో అనేకులు క్రైస్తవులే. 1956లో ఓలోయిబిరి అను పల్లెలో షెల్, బి.పి. కంపెనీలు కలిసి చమురు కనుగొనెను. ఆ దేశమున వ్యాపారమునకు తగినంత చమురు దొరకిన మొదటి బావి అదే. రెండేండ్లకు చమురు విదేశములకు పోసాగెను. కొంతకాలమునకు ఆ బావులు ఉడిగి మూతపడినవి. కోట్లకు కోట్లు పుట్టించిన ఆ పల్లె పేదపల్లెగానే మిగిలెను.

దానికి దూరముకాని ఓగోనీ ప్రాంతములో ఇంకను ఘోరము జరిగెను. 2011లో ఐక్యరాజ్య సమితి పర్యావరణ సంస్థవారు ఆ నేలను, నీటిని పరీక్షించి నివేదిక ప్రకటించిరి. ఒక ఊరిలో ప్రజలు త్రాగు బావి నీటిలో బెంజీను అను విషము, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దుకు 900 రెట్లకు మించి యుండెను. ఆ ప్రాంతమును పూర్తిగా శుభ్రము చేయుటకు 25 మొదలుకొని 30 సంవత్సరములు పట్టవచ్చునని వారు చెప్పిరి. 2008లో బోడో అను ఊరిలో పైపులైను రెండుసార్లు చీలి, చేపలు పట్టుకొని బ్రదుకువారి కాలువలన్నియు నల్లబడెను. వారు ఇంగ్లండు న్యాయస్థానమునకు వెళ్లగా 2015లో షెల్ కంపెనీ 5 కోట్ల 50 లక్షల పౌండ్లు ఇయ్యనొప్పుకొనెను.

ఈ యేండ్లన్నిటిలో ఆ కంపెనీలు ఏమియు ఇయ్యలేదని మేము చెప్పము. బళ్లు కట్టించిరి, ఆసుపత్రులకు సహాయము చేసిరి, చదువుకొనువారికి వేతనములు ఇచ్చిరి. అయితే తల్లి చేతిలోని కడవలో విషపు నీరుండగా, బిడ్డకు ఇచ్చిన పలకా బలపము దానికి సరియగునా? 2025 మార్చిలో షెల్ కంపెనీ నైజీరియా నేలమీది తన చమురు వ్యాపారమును వేరొకరికి అమ్మివేసెను. మేసిన గొఱ్ఱె మందను విడిచిపోయెను. బురదనీరు అక్కడనే యున్నది.

3. నాబోతు తోట

1 రాజులు 21వ అధ్యాయమును మనము చిన్నతనమునుండి వినియున్నాము. ఒక సంగతిని మాత్రము తరచుగా మరచిపోవుదుము. అహాబు మొదట మంచి మాటలతోనే వచ్చెను. ఇంతకంటె మంచి తోట ఇచ్చెదను, లేదా తగిన వెల ఇచ్చెదను అనెను. బేరము చూచినయెడల నాబోతునకు నష్టము లేదు. అయితే "వద్దు" అను హక్కు నాబోతునకు ఉన్నదా లేదా? అసలు ప్రశ్న అదే. అతడు వద్దని చెప్పగానే మంచి మాటలు ఆగిపోయెను. అబద్ధ సాక్షులు లేచిరి, రాళ్లు లేచినవి.

ఓగోనీవారి పక్షమున కెన్ సారో వివా అను రచయిత మాటలాడెను. ఆయుధము పట్టవద్దని తనవారికి బోధించెను. అతనిని, మరి ఎనిమిదిమందిని ఆనాటి సైనిక ప్రభుత్వము హత్యానేరము మోపి, 1995 నవంబరు 10న ఉరితీసెను. ఆ విచారణ న్యాయముగా జరుగలేదని ప్రపంచమంతట గగ్గోలు పుట్టెను. 2009లో షెల్ కంపెనీ, తనయందు తప్పు లేదని చెప్పుచునే, ఆ కుటుంబములవారితో రాజీపడి ఒక కోటి 55 లక్షల డాలర్లు ఇచ్చెను. 2025 జూన్‌లో నైజీరియా రాష్ట్రపతి ఆ తొమ్మండుగురికిని క్షమాభిక్ష ప్రకటించెను. ముప్పది యేండ్లయినను నాబోతు రక్తము నేలనుండి మొరపెట్టుచునే యుండెను.

మన దేశములో న్యాయస్థానములు, చట్టములు ఉన్నవి. అందుకొరకు దేవునికి స్తోత్రము. వాటిని తెలిసికొనుట మన పని. గ్యాసు పైపులైను మన పొలములోనుండి పోవలసి వచ్చినయెడల 1962నాటి చట్టము వర్తించును. భూమి రైతుదిగానే యుండును. గొట్టము వేసికొను హక్కు మాత్రమే వారికి పోవును. ప్రకటన వెలువడిన 21 దినములలో రైతు తన అభ్యంతరము చెప్పుకొనవచ్చును. పంటకు జరిగిన నష్టమును, ఆ పట్టీమీద భూమి వెలలో 10 శాతమును ఇయ్యవలెను. తరువాత సేద్యము చేసికొనవచ్చును గాని, ఆ పట్టీమీద ఇల్లు కట్టుట, బావి త్రవ్వుట, చెట్లు నాటుట కూడదు. కాగితములో ఏమున్నదో చదివించుకొనక వ్రేలిముద్ర వేయకుడి.

4. జక్కయ్య చెప్పిన రెండు మాటలు

లూకా 19వ అధ్యాయమును ఇప్పుడు శ్రద్ధగా చదువుడి. యేసుప్రభువు తన యింటికి వచ్చినప్పుడు జక్కయ్య లేచి నిలువబడి రెండు మాటలు చెప్పెను. మొదటిది, తన ఆస్తిలో సగము బీదలకిచ్చుట. రెండవది, తాను ఎవనియొద్ద అన్యాయముగా తీసికొనెనో వానికి నాలుగంతలు మరల చెల్లించుట. ఈ రెండును ఒక్కటి కావు. మొదటిది కానుక. రెండవది బాకీ. "సగము ఆస్తి ఇచ్చివేసితిని గదా, ఇక పాత లెక్కలు ఎందుకు" అని జక్కయ్య అనలేదు. బీదలకిచ్చినది బీదలకే. మోసపోయినవాని సొమ్ము మోసపోయినవానికే. రెండు మాటలును పలికినవాని యింటికే రక్షణ వచ్చెనని ప్రభువు చెప్పెను.

మన దేశపు చట్టముకూడ ఈ భేదమును గుర్తించినదని తెలిసినప్పుడు మాకు సంతోషము కలిగెను. 1997 జూలై 11న సుప్రీంకోర్టు సమతా కేసులో తీర్పు చెప్పెను. అది అప్పటి విశాఖపట్నము జిల్లా బొర్రా ప్రాంతపు గిరిజన భూములలోని గనుల కేసు. గిరిజనుల నేలలో గనులు నడుచుచోట లాభములో కనీసము 20 శాతము అక్కడివారి నీరు, బడి, వైద్యము, దారులకొరకు ప్రత్యేకింపవలెనని న్యాయస్థానము చెప్పెను. అంతటితో ఊరకొనక, అడవిని మరల పెంచుటకగు ఖర్చు ఆ 20 శాతములో చేరదని స్పష్టము చేసెను. పాడుచేసినదానిని బాగుచేయుట బాకీ గనుక, దానిని కానుక పద్దులో వ్రాయకూడదు.

తరువాత 2013 కంపెనీల చట్టములో 135వ సెక్షను వచ్చెను. అది 2014 ఏప్రిల్ 1నుండి అమలులోనికి వచ్చెను. దానిప్రకారము 500 కోట్ల నికర విలువగాని, 1000 కోట్ల వ్యాపారముగాని, 5 కోట్ల నికర లాభముగాని గల కంపెనీ, గడచిన మూడేండ్ల సగటు లాభములో కనీసము 2 శాతము ప్రజల మేలుకొరకు ఖర్చు చేయవలెను. తాను పనిచేయు చుట్టుపట్ల ప్రాంతమునకు మొదటి చోటు ఇయ్యవలెను. 2021లో సవరించిన నియమములలో, వేరొక చట్టముప్రకారము ఎటులైనను చేయవలసిన పని ఈ 2 శాతము లెక్కలోనికి రాదని వ్రాసిరి. అనగా ఫ్యాక్టరీ మురికినీటిని శుద్ధిచేయుట, తుప్పు పట్టిన గొట్టము మార్చుట, ప్రమాదమునకు పరిహారమిచ్చుట కానుకలు కానేకావు. జక్కయ్య రెండు మాటలు చట్టములోకూడ వేరువేరుగానే నిలిచినవి.

నగరములో మంట లేచిన దినమును మరల చూడుడి. 2 శాతము చట్టము అమలులోనికి వచ్చి అప్పటికి మూడు నెలలైనను నిండలేదు. చట్టము ఎంత మంచిదైనను గొట్టములోని తుప్పును అది ఆపజాలదు. ఆ పని మనుష్యుని మనస్సాక్షి చేయవలెను.

5. పుదీనాలో పదియవ వంతు

మత్తయి 23:23లో ప్రభువు పరిసయ్యులను గద్దించెను. వారు పుదీనాలోను, సోపులోను, జీలకఱ్ఱలోనుకూడ పదియవ వంతు లెక్కతప్పక ఇచ్చుచుండిరి. అయితే న్యాయమును, కనికరమును విడిచిపెట్టిరి. పదియవ వంతు ఇయ్యవద్దని ప్రభువు చెప్పలేదు. దానిని మానక, ప్రధానమైనవానినికూడ చేయవలసియుండెనని చెప్పెను. అట్లే 2 శాతమును మనము తృణీకరింపకూడదు. ఆ సొమ్ముతో కట్టిన బడిలో చదువుకొన్న పిల్లలున్నారు. ఆ సొమ్ముతో మరుగుదొడ్లు, త్రాగునీరు వచ్చిన పల్లెలున్నవి. ఆ కంపెనీలలో నమ్మకముగా పనిచేయు క్రైస్తవులును ఉన్నారు. వారికొరకు ప్రార్థించుదము. వారే తుప్పును మొదట చూడగలవారు. చూచి నోరు తెరచుటకు వారికి ధైర్యము కావలెను.

కంపెనీ యజమానులు ఎవరో దూరదేశపు ధనవంతులని తలంపకుడి. జీవిత బీమా సంస్థకు ఓ.ఎన్.జి.సి.లో వాటాలున్నవి. మనలో పాలసీ కట్టుచున్నవారి సొమ్ముకూడ ఆ సంస్థద్వారా అక్కడికి చేరుచున్నది. ఆ లాభములో మనకును పాలున్నప్పుడు, ఆ బాధ్యతలో మనకు పాలు లేదని ఎట్లు చెప్పగలము?

6. కన్నులకు గ్రుడ్డితనము కలిగించు కానుక

కానుకలన్నియు మంచివి కావు. లంచము చూపుగలవానికి గ్రుడ్డితనము కలిగించునని నిర్గమకాండము 23:8 మనకు నేర్పుచున్నది. పైని చెప్పిన నైకో కంపెనీ బంగ్లాదేశములోకూడ గ్యాసు త్రవ్వుచుండెను. 2005 జనవరిలో టెంగ్రాటిలా అనుచోట దాని బావి పగిలి మండెను. ఊరివారికి నష్టమిచ్చు సంగతి ఇంకను తేలకముందే, ఆ సంవత్సరమే ఆ కంపెనీ ఆ దేశపు ఇంధనశాఖ మంత్రికి లక్షా 90 వేల డాలర్లకు పైబడిన కారు నొకటి ఇచ్చెను. 2011లో కెనడా న్యాయస్థానములో కంపెనీ ఆ నేరమును ఒప్పుకొని దాదాపు 95 లక్షల డాలర్ల జరిమానా చెల్లించెను. కారు మంత్రి వాకిటికి వచ్చెను. కాలిపోయిన ఊరివారి వాకిటికి ఏమి వచ్చెను?

మంత్రులనుగూర్చి చెప్పి మనలను మనము విడిచిపెట్టుకొనరాదు. మన ప్రక్కన గ్రానైటు క్వారీలున్నవి. భూపాలపల్లిలో బొగ్గు గనులున్నవి. ఊరిప్రక్క ఇటుక బట్టీలున్నవి. యజమాని గుడికి ఫ్యానులు, మైకు, గోడకు సున్నము ఇచ్చెననుకొనుడి. సంఘము స్తోత్రము చెప్పి పుచ్చుకొనెను. తరువాత అదే సంఘములోని విధవరాలు క్వారీ ప్రేలుళ్లకు తన యింటి గోడ బీటలు వారినదని పెద్దలతో చెప్పెను. అప్పుడు పెద్దల నోరు తెరచుకొనునా? తెరచుకొననియెడల ఆ ఫ్యాను కానుక కాదు, నోటికి వేసిన తాళము. అబ్రాహాము సొదొమ రాజునొద్ద నూలుపోగైనను పుచ్చుకొననని చెప్పెను (ఆదికాండము 14:22-23). ఎప్పుడు పుచ్చుకొనవలెనో ఎప్పుడు మానవలెనో తెలిసికొను వివేకము పెద్దలకు కావలెను. పుచ్చుకొనకముందే, "ఇందువలన మా నోరు మూయబడదు" అని చెప్పగలిగినచోట పుచ్చుకొనవచ్చును.

అట్లే మన స్వంత కానుకలనుకూడ పరీక్షించుకొందము. కూలివాని కూలి బిగబట్టి దశమభాగము వేయు రైతు ఉన్నాడా? ఆ కూలి దేవునికి మొరపెట్టుచున్నదని యాకోబు 5:4 చెప్పుచున్నది. మత్తయి 5:23-24లో ప్రభువు ఇచ్చిన వరుసను చూడుడి. బలిపీఠమునొద్ద అర్పణను విడిచిపెట్టి, మొదట వెళ్లి సహోదరునితో సమాధానపడవలెను. తరువాత వచ్చి అర్పింపవలెను. మొదటిది మొదట, తరువాతిది తరువాత. కంపెనీకిని కాపునకును ఈ వరుస ఒక్కటే.

7. విసుగక అడుగుట

"మనము చిన్నవారము, అంత పెద్దవారిని ఏమి అడుగగలము" అని కొందరందురు. లూకా 18లోని విధవరాలు న్యాయాధిపతిని విసుగక అడిగెను. 2008లో నలుగురు నైజీరియా రైతులు షెల్ కంపెనీమీద అప్పటికి దాని ప్రధాన కార్యాలయమున్న హాలెండులోనే వ్యాజ్యమువేసిరి. 13 యేండ్లు గడచెను. 2021 జనవరి 29న హేగు నగరపు పై న్యాయస్థానము, వారి పొలములను చెరువులను పాడుచేసిన చమురుకు ఆ దేశములోని షెల్ శాఖ నష్టము పెట్టుకొనవలెనని తీర్పుచెప్పెను. వాదులలో తీర్పువరకు బ్రదుకనివారును ఉండిరి. అయినను వారి పిల్లలు విడువలేదు.

మన గోదావరి మత్స్యకారులుకూడ అట్లే అడిగిరి. ఓ.ఎన్.జి.సి. పైపులైను పనులవలన వేట పోయిన 23,458 కుటుంబములకు నెలకు 11,500 రూపాయల చొప్పున పరిహారము కుదిరెను. 2022 మేలో నాలుగు నెలలకు, 2023 నవంబరులో మరి ఆరు నెలలకు ఆ సొమ్ము వారికి అందెను. వారు దానిని దానముగా అడుగలేదు. పోయిన వేటకు బదులుగా అడిగిరి. అందుచేతనే తలయెత్తి పుచ్చుకొనిరి.

గనుక మన గ్రామములలో ఏదైన కంపెనీ పని మొదలుపెట్టినప్పుడు గ్రామసభలో మూడు ప్రశ్నలు అడుగుట మంచిది. ప్రమాదము రాకుండ ఏమి జాగ్రత్త తీసికొనుచున్నారు? నష్టము జరిగినయెడల ఎవరు, ఎంత, ఎప్పుడు ఇత్తురు? ఆ రెంటికిని పైగా మా ఊరి మేలుకు ఏమి చేయుదురు? ఈ వరుసలోనే అడుగవలెను. మూడవదానిని ముందు పెట్టినయెడల మొదటి రెండును మరుగునపడిపోవును. కోపముతో కాక, కాగితముమీద వ్రాసి, తేదీ వేసి, నకలు దగ్గర పెట్టుకొని అడుగుడి. మతభేదములేక ఊరంతయు కలిసి అడుగుడి. నీటిలోని విషమునకు మతభేదము తెలియదు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. జక్కయ్య చెప్పిన రెండు మాటలలో ఏది కష్టము? ఎందుచేత?
2. మన ఊరిలో మూయని గోతులు ఏవి? వాటిని త్రవ్వినవారు ఎవరు? వారిలో మనమున్నామా?
3. మన సంఘము పుచ్చుకొనిన కానుకలలో మన నోరు మూయించినది ఏదైన ఉన్నదా?
4. ఈ నెల అర్పణ తెచ్చుటకు ముందు మనము ఎవరి బాకీ తీర్పవలసియున్నది?

ప్రార్థన

భూమిని దాని లోతులలోని సంపదను కలుగజేసిన దేవా, మా పొయ్యిలో మంట నీ దయ. ఆ మంటవలన ఇండ్లు కోల్పోయినవారిని, ప్రియులను కోల్పోయినవారిని ఆదరించుము. గొప్ప కంపెనీల అధికారులకు నీ భయము నిమ్ము. గొట్టములను కాయువారికి మెలకువ నిమ్ము. న్యాయాధిపతులకు తేట కన్నుల నిమ్ము. పుచ్చుకొనునప్పుడు మాకు వివేకమును, అడుగునప్పుడు ధైర్యమును, మేము బాకీపడినచోట తీర్చు మనస్సును దయచేయుము. యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.